చెక్క, జిగురు, ఒక డ్రాయింగు: అక్షరాజ్యాల చివరి విమానాలు

రెండవ ప్రపంచ యుద్ధపు చివరి దశలో అక్షరాజ్యాలైన జర్మనీ, జపాన్ దేశాలు తయారుచేసిన ప్రయోగాత్మక విమానాల గురించి చదివే అలవాటున్నవారికి ఒక కథ పదేపదే ఎదురవుతుంది. మరో ఆరు నెలల గడువు దొరికి ఉంటే ఆ విమానాలు యుద్ధగతినే మార్చివేసేవని, రాడార్‌కు చిక్కని నేటి స్టెల్త్ విమానాలకు మూలం అక్కడే ఉన్నదని, యుద్ధం ముగిశాక మిత్రరాజ్యాలు ఆ రహస్యాలను ఎత్తుకుపోయాయని ఆ కథ సారాంశం. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే వాటిలో మిగిలిన కొద్ది విమానాలను మ్యూజియంలలో దగ్గరగా నిలబడి చూసినవారికి ముందుగా కనబడేవి పొరలు విడిపోతున్న ప్లైవుడ్, పట్టు వదిలిన అతుకులు, తొందరలో ముగించిన పనితనం. వాటిని రూపొందించిన ఇంజనీర్ల ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. కాని ఈ యంత్రాలు ఆ ప్రతిభకు ఎంత సాక్ష్యమో, అల్యూమినియం లేక, ఇంధనం లేక, చేయి తిరిగిన పనివారు లేక ఆ దేశాలు పడిన కొరతకు అంతకు మించిన సాక్ష్యమని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో ఆ దృష్టితోనే కొన్ని విమానాలను పరిచయం చేస్తాను.

వీటిలో ఎక్కువ భాగం ఒకే చోట ఉండడం నాకు కలిసివచ్చింది. వాషింగ్టన్ నగరానికి చెందిన డల్లెస్ విమానాశ్రయం పక్కనే, వర్జీనియా రాష్ట్రంలోని షాంటిలీలో, స్మిత్సోనియన్ సంస్థ 2003 డిసెంబరులో ప్రారంభించిన ఉడ్వర్-హేజీ కేంద్రం అనే విమాన మ్యూజియం ఉన్నది. ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులకు చూపించే ప్రదేశాలలో ఇదీ ఒకటి. అందరూ నేరుగా డిస్కవరీ స్పేస్ షటిల్ దగ్గరకు, ఆ తరువాత కాంకార్డు దగ్గరకు వెళతారు. హిరోషిమాపై బాంబు వేసిన ఎనోలా గే దగ్గర కాసేపు ఆగుతారు. దాని చుట్టుపక్కల ఉన్న జర్మన్, జపాన్ విమానాల ముందు మాత్రం జనం పలచగా ఉంటారు. ఆ మూలనున్న విమానాలలో అనేకం ప్రపంచంలో మరెక్కడా లేవన్న సంగతి చాలామందికి తెలియదు.

మొదట చెప్పవలసినది హోర్టెన్ 229. వాల్టర్, రైమార్ హోర్టెన్ అనే సోదరులు తోక లేని, విడిగా మొండెమంటూ లేని, మొత్తం ఒకే రెక్కగా ఉండే విమానాలను యుద్ధానికి ముందునుంచే గ్లైడర్లుగా తయారుచేస్తూ వచ్చారు. వెయ్యి కిలోల బాంబును వెయ్యి కిలోమీటర్ల దూరానికి గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో మోసుకుపోగల విమానం కావాలని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ అడిగినప్పుడు, తమ రెక్కకు రెండు జెట్ ఇంజన్లు అమర్చితే అది సాధ్యమని వారు ఒప్పించారు. ఇంజన్లు లేని మొదటి నమూనా 1944 మార్చి 1న గాలిలోకి లేచింది. యుంకర్స్ జెట్ ఇంజన్లు అమర్చిన రెండవ నమూనా 1945 ఫిబ్రవరి 2న ఒరానియన్‌బుర్గ్‌లో ఎగిరింది. అదే నెల 18న ఒక ఇంజను ఆగిపోయి అది కూలిపోగా పైలట్ ఎర్విన్ జిల్లర్ మరణించాడు. గోథా సంస్థ ఫ్రీడ్రిఖ్‌రోడా అనే ఊరిలో నిర్మిస్తున్న మూడవ నమూనా ఇంకా పూర్తి కాకముందే, ఏప్రిల్‌లో అమెరికా సైన్యం ఆ ఊరిని పట్టుకున్నది. ఇప్పుడు షాంటిలీలో ఉన్నది ఆ మూడవ నమూనాయే. అది ఒక్కసారి కూడా ఎగరలేదు.

దాని చుట్టూ అల్లుకున్న స్టెల్త్ కథ పుట్టినది యుద్ధకాలంలో కాదు. రాడార్ తరంగాలను పీల్చుకోవడానికి ప్లైవుడ్ పొరల మధ్య జిగురులో బొగ్గుపొడి కలపాలని తాను అనుకున్నట్లు రైమార్ హోర్టెన్ 1983లో వెలువడిన తన పుస్తకంలో రాశాడు. అప్పటికి స్టెల్త్ అనే మాట ప్రపంచానికి పరిచయమవుతున్నది. నలభై ఏళ్ల తరువాత వచ్చిన ఆ జ్ఞాపకాన్ని చాలామంది ప్రశ్నించకుండా స్వీకరించారు. నార్త్రాప్ గ్రమ్మన్ సంస్థ ఇంజనీర్లు పూర్తి పరిమాణంలో ఒక చెక్క నమూనా తయారుచేసి రాడార్ ముందు నిలబెట్టి పరీక్షించారు కూడా. ఆ నమూనా నేడు శాన్ డియేగో విమాన మ్యూజియంలో ఉన్నది. అసలు విమానం తమ చేతిలో ఉన్న స్మిత్సోనియన్ పరిరక్షకులు మాత్రం ఊహాగానాలతో తృప్తిపడలేదు. ప్లైవుడ్‌ను, జిగురును సూక్ష్మదర్శినితోనూ ఇతర ప్రయోగశాలా పద్ధతులతోనూ పరీక్షించి, బొగ్గుపొడి కలిపిన ఆనవాలేదీ లేదని ప్రకటించారు. మూడవ నమూనాలో బొగ్గు లేనంత మాత్రాన మున్ముందు కలిపేవారు కాదని ఎలా చెప్పగలమని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. చేయని పని గురించి వాదించడానికి అంతు ఉండదు కనుక నేను ఆ చర్చ జోలికి పోను. దానిని చెక్కతో చేయడానికి కారణం కళ్లముందే ఉన్నది. అల్యూమినియం దొరకడం గగనమైపోయింది, చెక్క దొరుకుతున్నది, చెక్కపని చేసేవారు ఇంకా ఉన్నారు. మధ్యభాగంలో ఉక్కు గొట్టాల చట్రం, దానిపైన ప్లైవుడ్ తొడుగు. అంతే.

జిగురు సంగతి వచ్చింది కనుక, ఆ కాలపు జర్మన్ విమానాలలో జిగురు నిజంగా ఏం చేసిందో చెప్పాలి. చెక్క విమానాలకు వాడే మేలురకం జిగురు పొర వుప్పర్‌టాల్ నగరంలోని ఒక కర్మాగారంలో తయారయ్యేది. 1943లో బ్రిటిష్ బాంబుదాడిలో ఆ కర్మాగారం ధ్వంసమైంది. దాని స్థానంలో వచ్చిన జిగురులోని ఆమ్లం చెక్కనే తినివేసేది. హైంకెల్ 162 అనే చిన్న జెట్ విమానం మీద దాని ప్రభావం వెంటనే బయటపడింది. 1944 సెప్టెంబరులో జర్మన్ ప్రభుత్వం కావాలని అడిగిన ఆ విమానం డిసెంబరు 6న, అంటే మూడు నెలల లోపే, మొదటిసారి ఎగిరింది. ఆ మొదటి ప్రయాణంలోనే అతుకు విడిపోయి చక్రం తలుపు ఊడిపోయింది. నాలుగు రోజుల తరువాత వియన్నా దగ్గర ష్వేహాట్‌లో నాజీ అధికారుల ఎదుట ప్రదర్శన ఇస్తుండగా, కుడి రెక్క ముందు అంచు విడిపోయి విమానం కూలి, పైలట్ గోట్హోల్డ్ పీటర్ చనిపోయాడు. అంత వేగంగా తయారుచేయడం గొప్ప విషయమని మెచ్చుకునేవారు, ఆ విమానం భాగాలను హింటర్‌బ్రూల్ అనే చోట భూగర్భ గనిలో మౌట్‌హౌసెన్ నిర్బంధ శిబిరపు ఖైదీల చేత చేయించారన్న సంగతిని కూడా పక్కనే చెప్పుకోవాలి. హైంకెల్ 162లు లండన్, ప్యారిస్ ప్రాంతాల మ్యూజియంలలోనూ కెనడాలోనూ మిగిలి ఉన్నాయి కనుక వాటిని అరుదైనవిగా లెక్కించకపోవచ్చు.

ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో అమెరికా వైమానిక దళపు జాతీయ మ్యూజియం ఉన్నది. అక్కడి మెసర్‌ష్మిట్ 163 రాకెట్ విమానం ఈ విషయంలో నాకు అన్నింటికంటే ముఖ్యమైనదిగా కనబడుతుంది. ఆ రకం విమానాలు యుద్ధంలో వాడారు, ప్రపంచంలో పదివరకు మిగిలాయి. అయినా దీని ప్రత్యేకత వేరు. ఒకప్పుడు ఇది కెనడాలో ఉండేది. అక్కడ దానిని విప్పి బాగుచేస్తున్నప్పుడు, ఇంధనపు ట్యాంకుకూ దానిని బిగించి ఉంచే పట్టీకీ మధ్య రాయి దూర్చి ఉన్నట్లు కనుగొన్నారు. విమానం ఎగిరి అదిరినప్పుడల్లా ఆ రాయి ట్యాంకును ఒరుసుకుంటూ చివరికి చిల్లు పెట్టాలన్నది ఉద్దేశం. ఆ రాకెట్‌లో వాడిన ద్రవాలు ఒకదానినొకటి తాకగానే మండిపోయే రకానివని తెలిస్తే ఆ చిన్న రాయి ఎంత పెద్ద పని చేయగలదో అర్థమవుతుంది. రెక్కను అతికించడానికి వాడిన జిగురును కావాలనే చెడగొట్టిన సూచనలు కూడా దొరికాయి. మొండెం లోపలి వైపున ఫ్రెంచి భాషలో దేశభక్తిని చాటే రాతలు ఉన్నాయి. వాటిని రాసినవారు ఫ్రాన్స్ నుంచి పట్టి తెచ్చి వెట్టిపనికి పెట్టిన కార్మికులు. పట్టుబడితే ఉరి తప్పదని తెలిసీ వారు ఆ పని చేశారు. వారి పేర్లు ఎవరికీ తెలియవు. ఆ విమానాన్ని గీసిన అలెగ్జాండర్ లిప్పిష్ పేరు మాత్రం ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది.

ఇలాంటి ఆనవాళ్లు ఉండబట్టే పాత విమానాన్ని పూర్తిగా విప్పి, కొత్తదానిలా మెరిసేటట్లు రంగు వేయడం సరైనదా కాదా అన్న ప్రశ్న మ్యూజియంల మధ్య నలుగుతూ ఉంటుంది. డోర్నియర్ 335 విషయంలో ఒక జవాబు, హోర్టెన్ విషయంలో మరో జవాబు వచ్చాయి.

డోర్నియర్ 335కు ముక్కున ఒక ప్రొపెల్లర్, తోక చివర ఇంకొక ప్రొపెల్లర్ ఉంటాయి. రెండు ఇంజన్లను రెక్కలకు తగిలిస్తే గాలికి అడ్డం ఎక్కువవుతుంది కనుక, రెండింటినీ మొండెంలోనే ముందొకటి వెనుకొకటి పెట్టారు. 1943 అక్టోబరులో మొదటి నమూనా ఎగిరింది. గంటకు 760 కిలోమీటర్ల వేగం అందుకోగల ఈ విమానం ప్రొపెల్లర్ యుగపు అత్యంత వేగవంతమైన వాటిలో ఒకటి. వెనుక ప్రొపెల్లర్ వల్ల ఒక చిక్కు ఉన్నది. ప్రమాదంలో బయటికి దూకే పైలట్ నేరుగా దాని మీద పడతాడు. అందుకని పైలట్‌ను పైకి విసిరే ఎజెక్షన్ సీటు పెట్టారు. దానికి ముందుగా వెనుక ప్రొపెల్లర్‌ను, నిలువు తోకను పేల్చి విడగొట్టే మందుగుండు కూడా అమర్చారు. యుద్ధం ముగిశాక ఇలాంటి విమానాలను రెండింటిని అమెరికాకు ఓడలో తరలించగా, ఒకటి కాలగర్భంలో కలిసిపోయింది. నౌకాదళం పరీక్షించిన రెండవది మాత్రం ఆరుబయట చాలా ఏళ్లు ఎండకూ వానకూ నిలిచి ఉన్నది. 1974లో స్మిత్సోనియన్ దానిని జర్మనీకి, పుట్టిన చోటైన ఒబర్‌ఫాఫెన్‌హోఫెన్‌కే, బాగుచేయడానికి పంపింది. డోర్నియర్ ఉద్యోగులు పని మొదలుపెట్టినప్పుడు తోకలోని మందుగుండు ముప్పై ఏళ్ల తరువాత కూడా అలాగే, పేలడానికి సిద్ధంగా ఉన్నదని తెలిసింది. అన్నేళ్లపాటు దాని చుట్టూ ఎంతమంది తిరిగారో, ఎంతమంది దానిని ఎక్కి దిగారో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. చక్కగా ముస్తాబైన ఆ విమానం కొన్నాళ్లు మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియంలో ఉండి, తరువాత అమెరికాకు తిరిగివచ్చింది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. అయితే ఆ రంగు కింద మొదటి పనివాడి చేతిపని ఎంత మిగిలిందో చూపరికి తెలిసే అవకాశం లేదు.

హోర్టెన్‌ను అలా చేయవద్దని పరిరక్షకులు నిర్ణయించుకున్నారు. విడిపోతున్న పొరలను నిలబెట్టడం, ఊడిపోతున్న పెచ్చులను అతికించడం, ఇకముందు పాడవకుండా కాపాడడం, అంతవరకే వారి పని. దానివల్ల అది ప్రదర్శనశాలలో కాస్త వికారంగా, చుట్టూ మెరిసే విమానాల మధ్య పాత సామానులా కనబడుతుంది. పిల్లలు దాని ముందు ఎక్కువసేపు ఆగరు. అయినా ఈ నిర్ణయమే సరైనదని నేను నమ్ముతాను. దానిని కొత్తగా మార్చివేసి ఉంటే బొగ్గుపొడి ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల ఏకైక వస్తువును మన చేతులతో మనమే చెరిపివేసినట్లయ్యేది.

ఈ విమానాలు ఇంతవరకు ఎలా బతికాయన్నది మరో కథ. 1945లో కల్నల్ హెరాల్డ్ వాట్సన్ నాయకత్వంలో ఒక బృందం యూరప్ అంతటా తిరిగి, పనికివచ్చే జర్మన్ విమానాలను ఏరి, షెర్‌బూర్ రేవులో రీపర్ అనే బ్రిటిష్ విమానవాహక నౌకపైకి ఎక్కించింది. ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక అరాడో 234 జెట్ బాంబరు కూడా అలా వచ్చినదే. దానిని నార్వేలోని సోలా విమానక్షేత్రంలో బ్రిటిష్‌వారు పట్టుకున్నారు. పరీక్షలు ముగిశాక, శత్రువుల విమానాలలో ఒక్కో రకానికి ఒక్కొక్కటి దాచాలని వైమానిక దళాధిపతి హాప్ ఆర్నాల్డ్ ఆదేశించాడు. వాటిని షికాగో శివార్లలో, యుద్ధకాలంలో రవాణా విమానాలు చేసిన ఒక ఖాళీ కర్మాగారంలో పెట్టారు. ఆర్చర్డ్ ప్లేస్ అనే ఆ స్థలమే తరువాత ఒహేర్ విమానాశ్రయమైంది. మన టికెట్ల మీద నేటికీ కనబడే ఓఆర్‌డీ అన్న అక్షరాలు ఆ తోటల ఊరి పేరులోనివే. 1950లో కొరియా యుద్ధం మొదలై కర్మాగారం మళ్లీ అవసరం కావడంతో, విమానాలను ఖాళీ చేయమన్నారు. స్మిత్సోనియన్‌లో విమానాల సేకరణను చూసుకునే పాల్ గార్బర్, మేరీలాండ్‌లోని సిల్వర్ హిల్ దగ్గర చిత్తడి అడవిలో ఇరవై చిల్లర ఎకరాల స్థలం సంపాదించి, చెట్లు కొట్టించి, దొరికిన పెట్టెలలో, దొరికిన రేకుల కింద వాటిని సర్దాడు. అన్నింటినీ కాపాడలేకపోయాడు. పెద్ద విమానాలు కొన్ని తుక్కు కింద పోయాయి. మిగిలినవి దశాబ్దాల తరబడి ఆ కొట్టాలలో ఉండిపోయాయి. అరుదైన వస్తువు అరుదుగా మారడం వెనుక దాని గొప్పతనం కంటే ఇలాంటి గుమాస్తా ఉత్తర్వుల పాత్ర ఎక్కువ.

జపాన్ విమానాల విషయంలో కొరత మరో రూపం తీసుకుంది. అక్కడ సామగ్రితో పాటు సమాచారమే కరువైంది. నకాజిమా కిక్కా జపాన్ దేశపు తొలి జెట్ విమానం. చూడడానికి జర్మనీ మెసర్‌ష్మిట్ 262ను పోలి ఉంటుంది కనుక నకలు అని తేలికగా కొట్టిపారేస్తారు. నకలు చేయడానికి వారి దగ్గర పత్రాలైనా ఉంటే కదా. 1944 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని లోరియాన్ రేవు నుంచి ఐ-29 అనే జపాన్ జలాంతర్గామి జర్మన్ జెట్, రాకెట్ ఇంజన్ల సమాచారంతో బయలుదేరి, జూలై మధ్యలో సింగపూర్ చేరింది. ఎయిచి ఇవాయా అనే నౌకాదళ సాంకేతికాధికారి అక్కడ దిగి, చేతికి అందిన కొన్ని కాగితాలు మాత్రం తీసుకుని విమానంలో టోక్యోకు వెళ్లాడు. మిగిలిన సరుకుతో స్వదేశానికి బయలుదేరిన జలాంతర్గామిని అమెరికా జలాంతర్గామి సాఫిష్ జూలై 26న ఫిలిప్పీన్స్‌కు ఉత్తరాన ముంచివేసింది. ఇవాయా దగ్గర మిగిలిన వాటిలో బీఎమ్‌డబ్ల్యూ 003 జెట్ ఇంజను అడ్డుకోత చిత్రం ఒకటి ఉన్నది.

ఈ ఐ-29 పేరు మన చరిత్ర చదివినవారికి తెలిసినదే. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 1943 ఏప్రిల్ చివరలో, మడగాస్కర్‌కు ఆగ్నేయంగా పోటెత్తిన సముద్రంలో జర్మన్ జలాంతర్గామి యూ-180 నుంచి రబ్బరు పడవలో సుభాస్ చంద్ర బోస్ చేరినది ఈ జలాంతర్గామిలోకే. ఆయనతో పాటు జర్మనీ నుంచి ఆ ప్రయాణమంతా చేసిన ఒకే ఒక భారతీయుడు హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్. నేతాజీని, హైదరాబాదీని సుమత్రా తీరంలోని సబాంగ్‌లో దించిన ఓడే మరుసటి ఏడాది జెట్ ఇంజను బొమ్మను సింగపూర్‌కు చేర్చింది. కిక్కా ముందు నిలబడినప్పుడు నాకు ఈ సంగతి గుర్తుకు రాకుండా ఉండదు, పక్కన ఎవరున్నా చెప్పకుండా ఉండలేను.

ఆ ఒక్క చిత్రాన్ని ముందు పెట్టుకుని తోకియాసు తనెగాషిమా బృందం నె-20 అనే ఇంజను తయారుచేసింది. కొలతలు లేవు, లోహాల వివరాలు లేవు, వేడికి తట్టుకునే మిశ్రమాలకు కావలసిన నికెల్ వంటివి దేశంలో లేవు. జర్మన్ ఇంజను 800 కిలోల తోపు ఇస్తే ఇది 475 ఇచ్చింది. రెండు నె-20లు అమర్చిన మొదటి కిక్కాను 1945 ఆగస్టు 7న, హిరోషిమాపై బాంబు పడిన మరునాడు, కిసారజు విమానక్షేత్రం నుంచి సుసుము తకాఒకా ఇరవై నిమిషాల సేపు నడిపాడు. 11వ తేదీన రెండవసారి ప్రయత్నించగా, రన్‌వే మీద వేగం పుంజుకోవడానికి తగిలించిన సహాయక రాకెట్లు ఆరిపోయిన క్షణంలో విమానం వెనక్కి లాగినట్లు తోచి, తకాఒకా ఎగరడం మానుకున్నాడు. విమానం రన్‌వే దాటిపోయి టోక్యో అఖాతపు ఒడ్డున చక్రాలు విరిగి ఆగింది. నాలుగు రోజులకు యుద్ధం ముగిసింది. స్మిత్సోనియన్‌లో ఉన్నది మరో కిక్కా. దాని రెక్కలు ముడుచుకుంటాయి. కొండ గుహలలో, సొరంగాలలో దాచడానికి ఆ ఏర్పాటు చేశారు. ఇంకొక విచిత్రం, దాని ఇంజను తొడుగులలో నె-20 పట్టదు. అందువల్ల ఇది ఎగరడానికి కాక బలపరీక్షలకు ఉద్దేశించినది కావచ్చునని ఒక అభిప్రాయం.

క్యూషు షిండెన్ మిగిలినది సగమే. చిన్న రెక్కలు ముందు, పెద్ద రెక్కలు వెనుక, ఆరు ఆకుల ప్రొపెల్లర్ అన్నింటికంటే వెనుక ఉండే ఈ విమానాన్ని మసావోకి త్సురునో అనే నౌకాదళ అధికారి అమెరికా బీ-29 బాంబర్లను ఎదుర్కోవడానికి రూపొందించాడు. ముక్కులో నాలుగు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు పట్టాలంటే ఇంజను వెనక్కి పోక తప్పదు. నేల మీద మొదటి ప్రయత్నంలో ముక్కు పైకి లేచి ప్రొపెల్లర్ కొసలు నేలకు తగిలాయి. అప్పుడు ఒక శిక్షణ విమానపు చిన్న చక్రాలు తెచ్చి నిలువు తోకల కింద తగిలించారు. ఫుకుఒకా దగ్గర 1945 ఆగస్టు 3న ఎగిరి, మొత్తం మీద గంటలోపే గాలిలో ఉన్నది. షాంటిలీలో దాని ముందుభాగం మాత్రమే కనబడుతుంది. పూర్తి ఆకారం చూడాలనుకునేవారు ఫుకుఒకా జిల్లాలోని తచియారాయి శాంతి స్మారక మ్యూజియానికి వెళ్లాలి. అక్కడ 2022 నుంచి ఉన్న పూర్తి పరిమాణపు నమూనా ఒక సినిమా కోసం తయారైనదని మరుసటి ఏడాది ఆ సినిమా విడుదలయ్యాక తెలిసింది.

ఇవాయా తెచ్చిన కాగితాల నుంచే పుట్టిన మరో విమానం మిత్సుబిషి షూసుయి, మెసర్‌ష్మిట్ 163కు జపాన్ రూపం. 1945 జూలై 7న మొదటిసారి ఎగిరినప్పుడే రాకెట్ ఆగిపోయి కూలింది, పైలట్ బతకలేదు. ఒకటి కాలిఫోర్నియాలోని చీనోలో ఉన్నది. గుహలో దొరికిన మరొక దాని మొండెం ఆధారంగా మిత్సుబిషి సంస్థ ఇంకొకటి పునర్నిర్మించింది.

ఇటలీ వంతు చిన్నదే, కాని ఆసక్తికరమైనది. సెకొండో కాంపిని అనే ఇంజనీరు ఆలోచనతో కప్రోని సంస్థ చేసిన విమానం 1940 ఆగస్టు 27న మారియో దె బెర్నార్ది చేతిలో ఎగిరింది. ప్రపంచంలో అదే తొలి జెట్ విమానమని అప్పట్లో అందరూ అనుకున్నారు. సరిగ్గా ఏడాది ముందు అదే తేదీన హైంకెల్ 178 ఎగిరిన సంగతిని జర్మనీ రహస్యంగా ఉంచింది. కాంపిని విమానంలో, మండిన వాయువుల తాకిడికి తిరిగి కంప్రెసర్‌ను నడిపే టర్బైను లేదు. మామూలు పిస్టన్ ఇంజనే ఆ కంప్రెసర్‌ను తిప్పుతుంది, కమ్మరి కొలిమిలోకి తిత్తి ఊదినట్లు అది గాలిని వెనక్కి తోస్తుంది, ఆ గాలిలో ఇంధనం చల్లి మండిస్తారు. బరువు ఎక్కువ, వేగం తక్కువ, ఇంధనం మాత్రం విపరీతంగా తాగుతుంది. 1941 నవంబరు 30న మిలాన్ నుంచి రోమ్ దాకా ఆర్భాటంగా నడిపినప్పుడు సగటు వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడమే గొప్పయింది. ప్రచారానికి పనికివచ్చిన ఆ విమానం నేడు రోమ్ దగ్గర బ్రాచానో సరస్సు ఒడ్డున, విన్యా ది వల్లెలోని వైమానిక దళ మ్యూజియంలో ఉన్నది. నేలమీది పరీక్షలకు వాడిన మొండెం మిలాన్‌లోని లియొనార్దో దా విన్చీ విజ్ఞాన మ్యూజియంలో ఉన్నది.

మూలబడిన ఆ పద్ధతే యుద్ధం చివర జపాన్‌లో ఓహ్కా ఆత్మాహుతి విమానానికి రెండవ రూపంలో మళ్లీ కనబడడం విశేషం. మొదటి ఓహ్కాకు మూడు రాకెట్లు, ముక్కులో 1,200 కిలోల పేలుడు పదార్థం, ఒక కూర్చునే చోటు, అంతకుమించి ఏమీ లేవు. దానిని ఒక బాంబరు కడుపు కింద వేలాడదీసి లక్ష్యం దాకా మోసుకుపోవాలి. 1945 మార్చి 21న మొదటిసారి ప్రయోగించినప్పుడు అమెరికన్ ఫైటర్లు దారిలోనే అడ్డుకుని, మోసుకువచ్చిన బాంబర్లన్నింటినీ కూల్చివేశాయి. ఏప్రిల్ 12న మాత్రం ఒక ఓహ్కా మానర్ట్ ఎల్. ఏబెల్ అనే విధ్వంసక నౌకను ముంచింది. బాంబరు అంత దగ్గరకు పోనవసరం లేకుండా ఇంకొంత దూరం ఎగరడానికి ఓహ్కా 22లో కాంపిని తరహాలోనే పిస్టన్ ఇంజనుతో తిరిగే జెట్ పెట్టారు. అది యుద్ధంలోకి రాలేదు. మిగిలిన ఒకే ఒక ఓహ్కా 22 షాంటిలీలో ఉన్నది. ఎత్తు తక్కువ, రెక్కలు పొట్టివి. పక్కన నిలబడితే ఇందులో మనిషి ఎలా పట్టాడా అనిపిస్తుంది. దీనిని మాత్రం నేను ఇంజనీరింగు దృష్టితో చూడలేకపోతున్నాను.

మొదటి రకం ఓహ్కాను చూడడానికి తెలుగువారు అమెరికాకు రానవసరం లేదు. ఢిల్లీలో పాలం దగ్గరున్న భారత వైమానిక దళ మ్యూజియంలో ఒకటి ఉన్నది. అక్కడికి వెళ్లినప్పుడు హెచ్ఎఫ్-24 మారుత్‌ను కూడా చూడండి. జర్మనీలోని ఫొక్కె-వుల్ఫ్ విమాన సంస్థకు ప్రధాన రూపకర్త అయిన కుర్ట్ టాంక్ యుద్ధం తరువాత, రైమార్ హోర్టెన్‌లాగే, అర్జెంటీనా వెళ్లి, అక్కడినుంచి బెంగళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థకు వచ్చి రూపొందించిన విమానం అది. 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. టాంక్ పేరులోని మొదటి రెండక్షరాలతో పిలిచే టీఏ 152 యుద్ధవిమానాలలో నేడు మిగిలినది ఒక్కటే, అదీ స్మిత్సోనియన్ సేకరణలోనే ఉన్నది. మారుత్‌లు మాత్రం మన దేశంలో పలుచోట్ల ఉన్నాయి. వాటికి కావలసినంత శక్తిగల ఇంజను దొరకక అనుకున్న వేగం చివరివరకూ అందలేదు.